గువ్వలచెరువు ఘాట్‌లో హెల్మెట్ కెమెరా: అది చూసేదెంత, చూడనిదెంత

మొన్నామధ్య ఒక ఆదివారం తెల్లారుజామున కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నాం. ఐదారు సైకిళ్లు, ఒకదాని వెనక ఒకటి. ఒక మలుపులో సిమెంటు లారీ మాలో ఒకాయన మోచేతిని రాసుకుందా అన్నట్టు పోయింది. జానెడు సందు ఉండిందేమో. ఆయన హెల్మెట్ మీద యాక్షన్ కెమెరా ఉంది. పైకెక్కి, పాలకోవా అంగడి గోడకు సైకిళ్లు ఆనించి, అందరం ఆయన ఫోన్ చుట్టూ మూగి ఆ ముక్క చూశాం.

చూసి కాస్త తెల్లబోయాం. లారీ బారెడు అవతల నుంచి పోయినట్టుంది. గస పోసుకుంటూ ఎక్కిన ఘాట్ రోడ్డు టేబుల్ మాదిరి చదునుగా ఉంది. నంబరు ప్లేటైతే ఉత్త పసుప్పచ్చ మరక.

"ఇంత పెట్టి కొన్నావు గదన్నా, లారీ నంబరన్నా రాలేదే" అన్నాడు ఒకడు. "అసలు దాన్ని నెత్తిన పెట్టుకోగూడదంట, పడితే పుర్రెలోకి దిగుతాదంట" అన్నాడు ఇంకొకడు. కేసు పెడితే వీడియో చెల్లుతుందని ఒకరు, చెల్లదని ఒకరు. కోవా అయిపోయింది గానీ వాదన తేలలేదు.

ఇది మా ఒక్క గుంపులో వాదన కాదు. కొత్తగా సైకిల్ పట్టిన వాళ్లందరూ ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్నలే అడుగుతున్నారు. నాకు అర్థమైనంతలో చిక్కంతా ఒకచోట ఉంది. హెల్మెట్ కెమెరా అనేటప్పుడు మనం మూడు వేరువేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నాం. ఒకటి, ప్రయాణాన్ని గుర్తుంచుకునే కెమెరా. రెండు, జరిగినదానికి సాక్ష్యం చెప్పే కెమెరా. మూడు, తలను కాపాడాల్సిన డిప్పకు అంటించిన గట్టి పెట్టె. మొదటిదానికి మంచిదైంది రెండోదానికి కాకపోవచ్చు. మూడోదాని సంగతి ఈ రెంటికీ సంబంధం లేకుండా తేల్చుకోవాలి.

గురి చూడనక్కర్లేని కెమెరా

యాక్షన్ కెమెరా అంటే చేత్తో పట్టుకుని, కన్ను ఆనించి తీసేది కాదు. ఒంటికో బండికో తగిలించి, బటన్ నొక్కి, మరచిపోయేది. ఈ రకానికి పేరు తెచ్చిన గోప్రో సంస్థను నిక్ వుడ్‌మన్ 2002లో అమెరికాలో మొదలుపెట్టాడు. 2004లో వచ్చిన తొలి మోడల్‌లో వీడియో లేనే లేదు. సముద్రపు అలల మీద ఆడేవాళ్ల మణికట్టుకు కట్టే 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరా అది. ఇప్పుడు డీజేఐ, ఇన్‌స్టా360 లాంటివీ పోటీలో ఉన్నాయి. మామూలు సైజుది 150 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. బొటనవేలంత చిన్నవి 35 గ్రాముల్లో కూడా దొరుకుతున్నాయి.

గురి చూడకుండా తీయాలంటే లెన్సు చాలా వెడల్పుగా చూడాలి. తల ఎటు తిరిగినా కావలసింది ఫ్రేములో ఎక్కడో ఒకచోట పడాలి కదా. అందుకే వీటి చూపు అడ్డంగా దాదాపు 120 డిగ్రీలు ఉంటుంది. కోవా అంగడి ముందు మేం పడ్డ అయోమయంలో సగం ఇక్కడి నుంచే వచ్చింది.

లారీ ఎందుకు దూరం జరిగింది, ఘాట్ ఎందుకు చదునైంది

ఇంటి తలుపుకు ఉండే చిన్న అద్దపు కన్నులోంచి బయటికి చూడండి. గడప అవతలే నిలబడ్డ మనిషి వీధి చివర ఉన్నట్టు కనిపిస్తాడు. వెడల్పు లెన్సు చేసేది అదే. ఎక్కువ దృశ్యాన్ని అదే చిన్న తెరలో ఇరికించాలి కాబట్టి ప్రతి వస్తువునూ కుదిస్తుంది. ఏదైనా చిన్నగా కనబడితే మన మెదడు దాన్ని "దూరంగా ఉంది" అని చదువుకుంటుంది. అందుకే జానెడు సందు తెరమీద బారెడైంది. ఆ వీడియో చూసిన పోలీసుకో జడ్జికో కూడా అలాగే అనిపిస్తుంది. దగ్గరగా పోయాడన్న ఫిర్యాదుకు ఆధారంగా తెచ్చిన వీడియో, దూరంగానే పోయాడు కదా అనిపించేట్టు ఉంటుంది. కెమెరాలో "లీనియర్" అనే సెట్టింగు పెడితే చూపు ఇరుకై ఈ తేడా కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఘాట్ చదునవడానికి ఇంకో కారణం కూడా తోడవుతుంది. మన రెండు కళ్లూ కలిసి లోతును అంచనా వేస్తాయి. దానికి తోడు చెవిలోపలి సమతుల్య అవయవం "నువ్వు వెనక్కి వాలి ఉన్నావు" అని చెబుతుంటుంది, తొడలు మండిపోతూ ఆ మాటకు సాక్ష్యం పలుకుతుంటాయి. కెమెరాకు ఉన్నది ఒక్క కన్ను. పైగా అది రోడ్డుతో పాటే వాలి ఉంది. తెరమీద రోడ్డు ఎప్పుడూ ఫ్రేము మధ్యలోకి పోతున్నట్టే కనబడుతుంది తప్ప పైకి లేచినట్టు అనిపించదు. ఎక్కిన కష్టాన్ని ఇంట్లోవాళ్లకు చూపిద్దామనుకున్న వాళ్లందరికీ జరిగే అవమానమే ఇది.

నంబరు ఎందుకు రాలేదు: ఒక చిన్న లెక్క

వీడియో అంటే చుక్కల వరుసలు. అక్షరాలా చుక్కలే, వాటినే పిక్సెల్స్ అంటాం. మామూలు ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920 చుక్కలుంటాయి, 4కేలో 3840. ఆ రోజు ఆయన బ్యాటరీ మిగులుతుందని ఫుల్ హెచ్‌డీలో పెట్టాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1920 చుక్కలు 120 డిగ్రీల మీద పరుచుకున్నాయి. అంటే డిగ్రీకి సుమారు 16. లారీల వెనక ఉండే హై సెక్యూరిటీ ప్లేటు వెడల్పు 340 మిల్లీమీటర్లు. ఘాట్‌లో మేం గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నాం, లోడు లారీ 30 కిలోమీటర్లతో పోతోందనుకోండి. తేడా 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. లారీ వెనక భాగం మనల్ని దాటిన ఒక సెకనుకు ప్లేటు ఐదున్నర మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ అది మూడున్నర డిగ్రీల మేర ఆక్రమిస్తుంది, అంటే 56 చుక్కలు. ప్లేటు మీద రెండు వరుసలు, వరుసకు ఐదు అక్షరాల దాకా. ఒక్కో అక్షరానికి 11 చుక్కలు. కష్టం మీద చదవచ్చు. రెండో సెకనుకు దూరం రెట్టింపు, చుక్కలు సగం. ఒక్కో అక్షరానికి ఐదో ఆరో. అప్పుడు 3కీ 8కీ తేడా దేవుడికే తెలియాలి.

అంటే మనకు దొరికేది ఒక సెకను, మహా అయితే ఒకటిన్నర. ఎర్రగుంట్ల వైపు చదును రోడ్డు మీదైతే ఇంకా తక్కువ. సైకిల్ 20లో, లారీ 60లో పోతుంటే ఒక్క సెకనులోనే 11 మీటర్లు దాటిపోతుంది. 4కేలో తీస్తే చుక్కలు రెట్టింపవుతాయి కాబట్టి నంబరు చదవగలిగే ఈ కాస్త సమయం కూడా రెట్టింపవుతుంది. కాగితం మీద లెక్క ఇది. నిజం రోడ్డు మీద ప్లేటుకు దుమ్ము, తెల్లారుజామున మసక వెలుతురు, గుంతల అదురు, వీడియోను కుదించేటప్పుడు కెమెరా పోగొట్టే వివరాలు అన్నీ కలిసి ఆ సెకనును కూడా మింగేస్తాయి.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. హెల్మెట్ కెమెరా మన తల చూసినవైపే చూస్తుంది. మామూలప్పుడు అదే దాని గొప్ప. కానీ లారీ గాలి తగిలి సైకిల్ ఊగిన ఆ క్షణంలో మన తల ఎటు తిరుగుతుంది? రోడ్డు అంచుకు, ముందు చక్రం కిందికి. పడకుండా ఉండటం ముఖ్యం కాబట్టి. ఆయన వీడియోలో నంబరు చదవగలిగిన ఆ ఒక్క సెకనూ తారు, కంకర, ఒక గుట్కా ప్యాకెట్టు స్పష్టంగా రికార్డయ్యాయి. తల మళ్లీ లేచేసరికి లారీ మలుపు దగ్గరుంది.

మెడ చేసే పని

ఇంత విన్నాక హెల్మెట్ మీద పెట్టడం దండగ అనిపించవచ్చు. కాదు. మంచి ప్రయాణ వీడియోలు చాలావరకు తలమీద నుంచో ఛాతీ మీద నుంచో తీసినవే. హ్యాండిల్‌కు బిగించిన కెమెరాకు రోడ్డు మీది ప్రతి గులకరాయీ నేరుగా తగులుతుంది. తలకు మధ్యలో చేతులు, నడుము, మెడ ఉన్నాయి. అవన్నీ స్ప్రింగుల్లా పనిచేస్తాయి. నడుస్తూ కూడా అంగడి బోర్డు చదవగలుగుతున్నామంటే తల కదలికకు ఎదురుగా కళ్లను తిప్పే ఏర్పాటు మన చెవిలోనే ఉంది. కెమెరాకు అలాంటి చెవి లేదు గానీ, గైరోస్కోప్ అనే చిప్పు దాదాపు అదే పని చేస్తుంది. కదలికను కొలిచి, ఫ్రేము అంచులను కొంత కోసేసి, మధ్య భాగాన్ని నిలకడగా చూపిస్తుంది. వెలుతురు తగ్గితే ఈ మాయ చెడిపోతుంది. చీకట్లో ఒక్కో ఫ్రేమునూ ఎక్కువ సేపు తీయాలి, ఆ వ్యవధిలో జరిగిన అదురు ఫ్రేములోనే అలుక్కుపోతుంది. దాన్ని తర్వాత ఎవరూ దిద్దలేరు.

పడితే ఏమవుతుంది

"పుర్రెలోకి దిగుతాదంట" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2013 డిసెంబరు 29న ఫార్ములా వన్ మాజీ చాంపియన్ మైకేల్ షుమాకర్ ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో మంచు మీద స్కీయింగ్ చేస్తూ పడి, తల రాయికి తగిలి తీవ్రంగా గాయపడ్డాడు. ఆయన హెల్మెట్ మీద కెమెరా ఉంది. ఆ కెమెరా వీడియో దర్యాప్తు అధికారులకు పనికొచ్చింది, వేగం ప్రమాదానికి కారణం కాదని వాళ్లు తేల్చడానికి అదీ ఒక ఆధారమైంది. కొన్ని నెలలకు, గాయం తీవ్రం కావడానికి ఆ కెమెరానే కారణమన్న మాట ఒక ఫ్రెంచ్ విలేకరి నోట వచ్చింది. గోప్రో షేరు ఒక్కసారిగా పడింది. తర్వాత ఆ విలేకరే, అది తన సొంత అభిప్రాయమని చెప్పుకున్నాడు. కెమెరానే కారణమని రుజువు కాలేదు. కానీ పుకారుకు రుజువుతో పనేముంది? అది పన్నెండేళ్లకు కూడా గువ్వలచెరువు దాకా వచ్చింది.

పుకారు పక్కన పెట్టినా ప్రశ్న న్యాయమైనదే. హెల్మెట్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ప్రశ్న ఇంకా స్పష్టమవుతుంది. సైకిల్ హెల్మెట్ లోపల ఉండేది థర్మోకోల్ జాతికే చెందిన గట్టి నురుగు. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల ఆగే సమయాన్ని కాస్త పొడిగిస్తుంది. పైనున్న పల్చటి ప్లాస్టిక్ డిప్ప రెండు పనులు చేస్తుంది. దెబ్బను ఎక్కువ చోటికి పంచుతుంది, రోడ్డు మీద జారిపోనిస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం చదును దిమ్మె మీద చేసే పరీక్షలో హెల్మెట్‌ను సెకనుకు 5.42 మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు 19.5 కిలోమీటర్ల వేగంతో పడేస్తారు. మన మామూలు సైకిల్ వేగమే అది. ఆ పరీక్ష ఉత్త హెల్మెట్‌కు జరుగుతుంది, మనం తర్వాత అంటించుకున్న పెట్టెకు కాదు.

పెట్టె వచ్చాక భయపడాల్సినవి రెండున్నాయి. ఒకటి, అంతటా పంచుకోవాల్సిన దెబ్బ ఒక్కచోటే గుచ్చుకోవడం. రెండు, జారిపోవాల్సిన తల ఆ పొడుచుకొచ్చిన దానికి తట్టుకుని గిరుక్కున తిరగడం. మెదడుకు నేరుగా తగిలే దెబ్బ ఎంత చేటో, ఈ తిప్పుడు కూడా అంత చేటని వైద్యులు చెబుతారు. అమెరికా సైకిల్ హెల్మెట్ ప్రమాణంలో ఈ భయం సూటిగానే ఉంది. హెల్మెట్ బయటి తలం నుంచి 7 మిల్లీమీటర్లకు మించి పొడుచుకొచ్చిందేదైనా, దెబ్బ తగిలినప్పుడు ఊడిపోవాలి లేదా కుంగిపోవాలి అంటుంది. కెమెరా ఎత్తు దానికి ఎన్నో రెట్లు.

ఇటువైపు వాదన కూడా తేలికైంది కాదు. బ్రిటన్‌లో రవాణా భద్రత మీద పనిచేసే టీఆర్‌ఎల్ అనే పరిశోధన సంస్థ హెల్మెట్లకు కెమెరాలు తగిలించి ప్రయోగశాలలో కొట్టి చూసింది. తాము పరీక్షించిన దెబ్బల్లో తల గాయం ముప్పు పెరిగినట్టు వాళ్లకు కనిపించలేదు. కెమెరాను బిగించే మౌంట్లు చాలావరకు మామూలు ప్లాస్టిక్కువి, గట్టి దెబ్బకు పుటుక్కున విరుగుతాయి. ఆ విరగడంలోనే కొంత దెబ్బ ఖర్చైపోతుంది.

మరి ఎవరిని నమ్మాలి? నా లెక్కలో ఇద్దరూ ఒకే మాట వేరేవైపు నుంచి చెబుతున్నారు. పెట్టె ఎంత తేలిగ్గా ఊడితే అంత మంచిది. ఇక్కడే మన వాడుకలో ఒక తమాషా ఉంది. కెమెరా ఖరీదైంది కాబట్టి ఊడకుండా ఉండాలని చూస్తాం. మౌంటుకు తోడు స్క్రూ, దానికి తోడు నైలాన్ తాడు, అదీ చాలదని టేపు. నేను చూసినవాళ్లలో ఒకాయన డిప్పకు చిల్లి పొడిచి బోల్టు బిగించాడు. అలా బిగించిన ప్రతి బిగింపూ కెమెరాను కాపాడుతుంది, తలను కాదు. పైగా చిల్లి పడ్డ నురుగు మునుపటి నురుగు కాదు. ఘాటైన జిగుర్ల మాట కూడా అలాంటిదే, కొన్నిటిలోని రసాయనాలు ప్లాస్టిక్‌నూ నురుగునూ లోలోపల తినేస్తాయి.

బరువు సంగతి చిన్నదే, ఒక ముక్కలో చెబుతాను. హెల్మెట్ 250 నుంచి 300 గ్రాములు, కెమెరా మౌంటుతో కలిపి 200 గ్రాములకు దగ్గర. వంగి తొక్కే సైకిల్ మీద నాలుగు గంటలు పోతే మెడకు ఆ తేడా తెలుస్తుంది.

మన చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమనేది మోటారు సైకిళ్లకు. తొక్కే సైకిల్‌కు ఆ నియమం లేదు. 2022లో కేరళ మోటారు వాహనాల శాఖ హెల్మెట్ మీద కెమెరాలు పెట్టడాన్ని నిషేధించి, వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల దాకా లైసెన్సు సస్పెన్షన్ అని చెప్పింది. ఆ వార్తే వాట్సాప్‌లో తిరిగి తిరిగి "హెల్మెట్ కెమెరా నేరం" అయిపోయింది. అది కేరళలో, బైకు నడిపేవాళ్ల గురించి. సైకిల్‌కు లైసెన్సే లేనప్పుడు సస్పెండ్ చేయడానికేముంది? అయితే వాళ్లు చెప్పిన కారణం, ప్రమాదాల్లో కెమెరా వల్ల గాయాలు పెరుగుతున్నాయన్నది, నిజమైతే, చట్టం ఎవరికి వర్తించినా తలకు మాత్రం అందరికీ ఒకేలా వర్తిస్తుంది.

వీడియో సాక్ష్యంగా నిలబడాలంటే

అసలు నంబరు దొరకడం ఎందుకంత ముఖ్యం? డబ్బుల్లో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన పరిహార పథకం కింద తీవ్ర గాయానికి దక్కేది 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు. బండి తెలిస్తే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పోయి, పోయిన సంపాదన, వైద్యం ఖర్చు, వయసు అన్నీ లెక్కగట్టి బీమా కంపెనీ నుంచి అడగొచ్చు. అక్కడ ఈ 50 వేలు, 2 లక్షల గీత ఉండదు. ట్రిబ్యునల్‌లో క్రిమినల్ కేసులాగా అనుమానానికి తావులేని రుజువు కూడా అక్కర్లేదు, ఎటువైపు మొగ్గు ఎక్కువుందో చూస్తారు. అదిరిన వీడియో కూడా అక్కడ పనికి రావచ్చు.

ఇక చెల్లుతుందా అన్న ప్రశ్న. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. పాత 65బి సెక్షన్ పని ఇప్పుడు 63వ సెక్షన్ చేస్తోంది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును కోర్టుకు ఇచ్చేటప్పుడు దానితో ఒక ధ్రువపత్రం ఉండాలి. దానిలో రెండు భాగాలు. ఒకటి ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వారు ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. రెంటిలోనూ ఫైలు "హాష్" విలువ రాయాలి. అసలు పరికరాన్నే తెచ్చి చూపిస్తే తప్ప ఇలాంటి పత్రం తప్పనిసరి అని పాత చట్టం కిందే 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త చట్టంలో 57వ సెక్షన్, సరైన చోట భద్రంగా ఉంచిన ఎలక్ట్రానిక్ రికార్డును, దాని మీద వివాదం లేకపోతే, మూల సాక్ష్యంగా చూస్తుంది. ఈ రెండు సెక్షన్లూ ఎలా కలిసి నడవాలన్నదాని మీద లాయర్లు వాదించుకుంటూనే ఉన్నారు.

హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. షా-256 అనే పద్ధతిలో ఎంత పెద్ద ఫైలుకైనా 64 అక్షరాల ఒక వరుస వస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. ఇప్పుడు మన వాళ్లు మామూలుగా చేసేది గుర్తు తెచ్చుకోండి. కెమెరాలో 12 నిమిషాల ఫైలుంది. దాన్ని ఫోన్‌లోకి లాగి, లారీ వచ్చిన 20 సెకన్లు కత్తిరించి, ఎర్ర బాణం గుర్తొకటి పెట్టి, గ్రూపులో పంపారు. వాట్సాప్ దాన్ని ఇంకా కుదించింది. గ్రూపులో నుంచి మళ్లీ దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసి స్టేషన్‌కు తీసుకుపోయారు. కళ్లకు అదే లారీ, అదే మలుపు. హాష్ దృష్టిలో మాత్రం ఇది నాలుగు చేతులు మారిన వేరే ఫైలు. ఎదుటి పక్షం లాయరు "ముందు ఐదు నిమిషాలు ఏం చేశావో ఎందుకు కోసేశావు" అని అడిగితే చూపించడానికి కెమెరా మెమరీ కార్డులో అసలు ఫైలు ఉండాలి. ఆ కుదింపులో, ఒకవేళ ఉండి ఉంటే, నంబరు ప్లేటు చుక్కలు కూడా పోయుంటాయి.

తేదీ, సమయం ఇంకో చిక్కు. కెమెరా గడియారం తప్పుంటే, తీరా చూస్తే ప్రమాదం 2016లో జరిగినట్టుంటుంది. జీపీఎస్ ఉంటే సమయం, వేగం, చోటు తోడవుతాయి. అన్ని మోడళ్లలోనూ ఉండదు. గోప్రోనే 12వ మోడల్‌లో తీసేసి 13లో తిరిగి పెట్టింది. ఇక్కడ ఒకటి మరవకూడదు, ఈ సాక్షి ఎవరి పక్షమూ కాదు. లారీ తప్పుతో పాటు మనం వెనక లైటు లేకుండా వెళ్లడం, ఇద్దరం పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కడం, అంతా దానిలో ఉంటుంది.

కెమెరా చూసి డ్రైవర్లు జాగ్రత్తపడతారా

ఇంగ్లండులో ఇయాన్ వాకర్ బృందం వేరువేరు దుస్తుల్లో సైకిల్ తొక్కించి, పక్కనుంచి పోయే బండ్లు ఎంత దూరం వదులుతున్నాయో కొలిచింది. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. దుస్తుల్లో చాలావరకు ఏ తేడా తేలేదు. పోలీసు పేరు, వీడియో తీస్తున్నామన్న మాట వీపు మీద పెద్దగా రాసిన జాకెట్టుకు మాత్రం కొద్దిగా, కొన్ని సెంటీమీటర్లు, ఎక్కువ దూరం వదిలారు. అంటే పనిచేసింది కెమెరా కాదు, వీపు మీది రాత. మా ఘాట్‌లో లారీ డ్రైవరుకు వెనక నుంచి చూస్తే హెల్మెట్ మీది నల్లపెట్టె కనబడేదీ లేదు, కనబడినా కెమెరా అని తోచేదీ లేదు. ఊళ్లలో దాన్ని టార్చిలైటు అనుకునేవాళ్లే ఎక్కువ. ఒక ముసలాయన నన్ను ఆపి, "నాయనా, పగటిపూట లైటెందుకు, చార్జింగ్ దండగ" అన్నాడు.

ఫ్రేములోకి వచ్చిన వాళ్లు

ఆ ముసలాయన కూడా నా కార్డులోకి వచ్చేశాడు, ఆయనకు తెలియకుండానే. రోడ్డు మీద తీయడం దానంతట అదే నేరం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, ఒక మనిషి తన సొంత, ఇంటి అవసరానికి వాడుకునే డేటాను తన పరిధి నుంచి మినహాయించింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. తీసిన వీడియో ఇంట్లో చూసుకుంటే ఆ గొడుగు కిందే ఉన్నట్టు. అదే ఛానెల్‌లో పెట్టి ప్రకటనల డబ్బు తీసుకుంటే "సొంత అవసరం" అనొచ్చా? అనొచ్చని వాదించేవాళ్లున్నారు, అనకూడదనేవాళ్లూ ఉన్నారు. వాగు దగ్గర స్నానం చేసే ఆడవాళ్లు ఫ్రేములో పడి, అది బయటికి పోతే మాత్రం సంగతి ఇంకా తీవ్రం. ఆడవాళ్ల ఏకాంతాన్ని తీయడం, పంచడం నేరమనే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ దానికి వర్తించవచ్చు. "తాగి నడుపుతున్న డ్రైవరు" అని శీర్షిక పెట్టి ముఖం చూపిస్తే, తాగినట్టు రుజువు లేకపోతే, పరువునష్టం తిరిగి మన మెడకే చుట్టుకుంటుంది.

గండికోట దాకా ఎంత కార్డు కావాలి

కడప నుంచి గండికోటకు 80 కిలోమీటర్ల పైమాటే. గంటకు 20 చొప్పున నాలుగు గంటలకు పైగా. సెకనుకు 60 మెగాబిట్ల చొప్పున 4కే వీడియో తీస్తే, ఎనిమిది బిట్లకు ఒక బైటు కాబట్టి సెకనుకు ఏడున్నర మెగాబైట్లు, గంటకు 27 జీబీ. నాలుగు గంటలకు 108. 128 జీబీ కార్డు దాదాపు పోవడానికే నిండుతుంది. ఒక బ్యాటరీ 4కేలో గంట, గంటన్నర నిలబడుతుంది, అంటే మూడు నాలుగు బ్యాటరీలు. అందుకే ఎవరూ అంతా తీయరు. లూప్ రికార్డింగ్ అని ఒకటుంది, పాతది చెరిపేస్తూ చివరి ఐదు నిమిషాలో ఇరవై నిమిషాలో మాత్రం ఉంచుతుంది. సాక్షి పనికి అది చాలు.

ఎండ సంగతి మనవాళ్లకు వేరే చెప్పాలా. కొన్ని కెమెరాలు 35 డిగ్రీల దాకానే పనిచేస్తామని రాసుకుంటాయి. కడప ఎండాకాలంలో మధ్యాహ్నం కాకముందే ఆ గీత దాటడం మామూలే. కదులుతున్నంతసేపు గాలి దాన్ని చల్లబరుస్తుంది. గండికోటలో పెన్నా లోయ అంచున సైకిల్ ఆపి, తీరిగ్గా తల తిప్పుతూ తీద్దామనుకున్నప్పుడు గాలి ఆగి, నల్లపెట్టె కాలి, "వేడెక్కింది" అని చెప్పి ఆగిపోతుంది. సరిగ్గా చూడాల్సిన చోటే.

తలమీద కాకపోతే ఎక్కడ

సాక్ష్యమే ముఖ్యమనుకునేవాళ్లు ఇప్పుడు హ్యాండిల్ కింద ఒకటి, సీటు కింద వెనక్కి చూసేది ఒకటి పెడుతున్నారు. హ్యాండిల్ కెమెరా అదురుతుంది గానీ లారీ పోయాక కూడా ముందుకే చూస్తుంది, మన తలతో పాటు తారు చూడదు. వెనకటిది అంతకంటే ముఖ్యం. వెనక నుంచి వచ్చే లారీ ముందు ప్లేటు మన వైపు వస్తుంటుంది, కాబట్టి క్షణక్షణానికీ చుక్కలు పెరుగుతాయే గానీ తగ్గవు. లైటు, కెమెరా, వెనక బండిని పసిగట్టే రాడారు మూడూ కలిసిన పరికరాలు కూడా అమ్ముతున్నారు. ధర చూస్తే ఇంకో సైకిల్ వస్తుంది.

జ్ఞాపకమే ముఖ్యమనుకునేవాళ్లు ఛాతీ పట్టీని ఎంచుకుంటున్నారు. చేతులు, హ్యాండిల్, రోడ్డు అన్నీ ఫ్రేములో పడి, వేగం నిజంలా అనిపిస్తుంది. నిటారుగా కూర్చునే సైకిల్‌కు బాగుంటుంది, బాగా వంగితే కెమెరా ముందు చక్రాన్నే చూస్తుంది. హెల్మెటే కావాలంటే బొటనవేలంత 35 గ్రాముల రకం, తట్టగానే ఊడే మౌంటుతో, అన్నది మధ్యేమార్గం.

ఆ రోజు లారీ రాసుకోబోయిన ఆయన కెమెరాను హెల్మెట్ నుంచి తీసి హ్యాండిల్ కిందికి మార్చాడు. ఫుల్ హెచ్‌డీని 4కే చేశాడు. గువ్వలచెరువు వీడియో ఇప్పటికీ మా గ్రూపులో ఉంది, 20 సెకన్లది, ఎర్ర బాణంతో. అసలు ఫైలు కావాలని ఒకరు అడిగితే కార్డు తీసి చూశాడు. తర్వాతి ఆదివారానికి చోటు చాలక ఫార్మాట్ కొట్టేసినట్టు అప్పుడు గుర్తొచ్చింది.